పేరు పెట్టని పండు

నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున మా మనవడు ట్రాలీ ఆటోలో ఒక సిమెంటు స్తంభం తెచ్చి గేటు ముందు దించాడు. దాని వెంట సగానికి కోసిన నీలం డ్రమ్ము, పాత మోటారు సైకిలు టైరు, నాలుగు బస్తాల మట్టి, అట్టపెట్టెలో మూరెడేసి కొమ్మలు నాలుగు. డ్రాగన్ ఫ్రూట్ పెంచుతానన్నాడు. కొమ్మలు చూశాను. మూడు అంచులు, అంచుల వెంట చిన్న చిన్న ముళ్లు, ఆకు అనేదే లేదు. ఎంతకు కొన్నావురా అని అడిగితే కొమ్మకు మూడు వందలన్నాడు. నాలుగు కొమ్మలకు పన్నెండు వందలు.

మా రోజుల్లో కొమ్మకు ధర కట్టడం లేదు. షాద్‌నగర్‌కూ బాలానగర్‌కూ మధ్య ఉన్న మా ఊళ్లో మల్లె అంటు కావాలంటే మల్లె ఉన్న ఇంటికి వెళ్లి అడిగేవాళ్లం. వాళ్లు కూర్చోబెట్టి చల్ల ఇచ్చేవాళ్లు, మంచీ చెడూ మాట్లాడేవాళ్లు, లేచి వచ్చేటప్పుడు తడిగుడ్డలో చుట్టి కొమ్మ చేతిలో పెట్టేవాళ్లు. ఆరు నెలలకు మా ఇంటికి వచ్చినప్పుడు ముందు పెరట్లోకి పోయి "మా మల్లె ఎట్లున్నది?" అని చూసేవాళ్లు. చెట్టు మా నేల మీద ఉన్నా వాళ్ల దృష్టిలో అది వాళ్ల మల్లెనే. మా ఇంటి దానిమ్మ మా మేనత్త ఇంటిది. మా నిమ్మ మా ఊరి వడ్రంగి ఇంటిది. పెరడు చూస్తే ఊళ్లో ఎవరెవరితో మాకు రాకపోకలున్నాయో తెలిసిపోయేది.

పరాయి దేశపు పండు ఇంటికి తెచ్చాడని నాకు కోపం లేదు. ఆ మాట ముందే చెప్పాలి. పరాయి పళ్లు తినే నేను పెరిగాను. సీతాఫలం ఎక్కడిది? దాని పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలని వృక్షశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. జామ అక్కడిదే. బొప్పాయి అక్కడిదే. సపోటా, అనాస, జీడిమామిడి, సీమచింత, అన్నీ ఆ ఖండం నుంచి వచ్చినవే. కూరలో వేసే మిరపకాయ కూడా అక్కడిదే. 1492లో కొలంబస్ ఆ ఖండం చేరిన తర్వాతే, పోర్చుగీసు వాళ్ల ఓడలు తిరగడం మొదలయ్యాకే ఇవి చాలావరకు మన రేవుల్లో దిగాయి. అంటే మన పెరళ్లలో సగం చెట్ల వయసు ఐదు వందల ఏళ్లకు మించదు.

వచ్చినదాన్ని మన పెద్దలు ఏం చేశారన్నది అసలు సంగతి. ముందు పేరు పెట్టారు. కారంగా ఉన్న ఆ కాయను తామెరిగిన మిరియంతో పోల్చి మిరపకాయ అన్నారు. సముద్రం అవతలి సీమ నుంచి వచ్చి, చింతకాయలా మెలి తిరిగి ఉన్నదాన్ని సీమచింత అన్నారు. పనసను పోలినదాన్ని సీమపనస అన్నారు. ఇక ఆ కళ్లకళ్ల పండునైతే ఏకంగా రామాయణంలోకి తీసుకుపోయి సీతాఫలం చేశారు. దాని తోబుట్టువు రామాఫలం అయింది, ముళ్ల తొక్కతో ఉన్న ఇంకొకటి లక్ష్మణఫలం అయింది. మూడూ ఒకే కుటుంబపు చెట్లు, మూడూ అమెరికావే. ఏ పండితుడూ సభ పెట్టి ఈ పేర్లు నిర్ణయించలేదు. పండు అమ్ముకునే ఆడవాళ్లు, పశువులు కాసే పిల్లలు నోట నోట అంటూ పోయారు, పేర్లు నిలబడ్డాయి.

మనవడు తెచ్చిన ఈ పండు మన దేశానికి వచ్చి పాతికేళ్లు దాటింది. సంగారెడ్డి, వికారాబాద్ వైపు రైతులు ఎకరాలకు ఎకరాలు వేస్తున్నారు. సంతలో, రోడ్డు పక్కన, పళ్ల బండి మీద ఎక్కడ చూసినా ఉంది. అయినా ఇంకా డ్రాగన్ ఫ్రూటే. ఫ్రెంచివాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలో దీన్ని వియత్నాంకు తీసుకుపోతే అక్కడివాళ్లు తమ భాషలో పచ్చని డ్రాగన్ అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. వాళ్ల కథల్లో ఆ జంతువు ఉంది కనుక వాళ్లకు ఆ పేరు చెల్లింది. మన కథల్లో అది లేదు. 2021 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం కాయ మీది పొలుసులు తామర రేకుల్లా ఉన్నాయని 'కమలం' అని పేరు ప్రకటించింది. 2023లో కర్ణాటకలోని హిరేహళ్లిలో ఈ పంట కోసం కేంద్రం అనుమతించిన పరిశోధన కేంద్రానికీ కమలం పేరే పెట్టారు. కానీ ప్రభుత్వం పెట్టిన పేరు కాగితం మీద ఉంటుంది. మా వీధిలో ఆ పేరుతో అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

మా ఇంటి ముందుకు ఆకుకూరలు తెచ్చే ఒకామె ఉంది. కొందుర్గు వైపు నుంచి వస్తుంది. డ్రమ్ములో నాటిన కొమ్మల గురించి మా ఆవిడ చెబితే, మేడ ఎక్కి చూసి, "ఇది జెముడే గద సారూ! మా చెలకల గట్టు మీద లేదా ఏంది? దీని అన్నదమ్ములే," అన్నది. పుస్తకం చదవకుండా ఆమె చెప్పిన మాట నూటికి నూరు పాళ్లు నిజం. నాగజెముడూ ఇదీ ఒకే కుటుంబం. రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండమే.

నాగజెముడు అంటే నాకు బాల్యం మొత్తం కళ్ల ముందుకు వస్తుంది. చేలగట్ల వెంట, కుంటల పక్కన నిలువెత్తు పొదలుండేవి. చలికాలం పోయేసరికి అట్టల అంచుల మీద బొటనవేలంత పళ్లు ఎర్రగా వరుస కట్టేవి. వాటి మీద కంటికి కనబడని నూగు ముళ్లు ఉంటాయి. చేత్తో కోస్తే రెండు రోజులు చెయ్యి మండుతుంది. కర్రతో రాలగొట్టి, గరుకు బండ మీద వేసి చెప్పుకాలితో దొర్లించి, నూగంతా పోయాక చీల్చేవాళ్లం. లోపల గింజలు గట్టివి. చుట్టూ ఉన్న గుజ్జు చిక్కటి ఎరుపు. బడికి పోయేసరికి నోరు, నాలుక, అంగీ ముందు భాగం ఎర్రబడేవి. పంతులు అడగకుండానే పట్టేసేవారు.

ఆ పొద చరిత్ర పెద్దయ్యాక తెలిసింది. ఎర్ర రంగునిచ్చే ఒక పురుగును మేపడానికి ఈస్టిండియా కంపెనీ దీన్ని మద్రాసు వైపు పెంచింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు సైదాపేటలో ఇందుకోసమే జెముడు తోట వేశాడు. రంగు వ్యాపారం సాగలేదు, జెముడు మాత్రం సాగింది. దక్షిణాదిలో పొలాలను కమ్మేసింది. చివరికి 1926లో సింహళం నుంచి ఇంకో పురుగును తెచ్చి వదిలితే గానీ అదుపులోకి రాలేదు. ఇంత గోల చేసిన కంపను కూడా మావాళ్లు వృథాగా పోనివ్వలేదు. చేనుకు కంచె చేశారు, పిల్లలకు పండు చేశారు, పేరులో నాగుపాము పడగను చూశారు.

ఇంకొక బంధువు కూడా ఉంది. బ్రహ్మకమలం అని ఇళ్లల్లో కుండీలో పెంచుతారు చూడండి, ఆకుకు ఆకు తగిలించినట్టు పెరిగి రాత్రిపూట తెల్లగా పూసేది. హిమాలయాల్లో ఉండే అసలు బ్రహ్మకమలం వేరు. మన ఇళ్లలోనిది మెక్సికో నుంచి వచ్చిన జెముడు జాతి మొక్క. డ్రాగన్ ఫ్రూట్‌కు చాలా దగ్గరి చుట్టం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి మహబూబ్‌నగర్‌లో అద్దెకున్నప్పుడు మా ఇంటి యజమానురాలి దగ్గర ఆ మొక్క ఉండేది. మొగ్గ తల ఎత్తిన రోజు సాయంత్రానికి వీధి వీధంతటికీ కబురు వెళ్లేది. రాత్రి తొమ్మిదింటికి అందరూ చేరేవాళ్లు. ముత్తయిదువలు పసుపు కుంకుమ తెచ్చేవాళ్లు. పూవు విచ్చుకుంటుంటే హారతి ఇచ్చేవాళ్లు. పిల్లలు నిద్ర ఆపుకుని కూర్చునేవాళ్లు. ఒక మెక్సికో పూవు కోసం మహబూబ్‌నగర్‌లో వీధంతా మేలుకునేది.

ఇప్పుడు మా మేడ మీది సంగతి వినండి. మనవడు కొమ్మలు తెచ్చిన రోజే నాటేశాడు. జెముడు కొమ్మను కోసిన వెంటనే నాటకూడదు. కోసిన చోట పచ్చిగా ఉంటుంది. నీడలో వారం రోజులు ఆరనిస్తే అక్కడ పొర కడుతుంది. అప్పుడు మట్టిలో పెడితే కుళ్లదు. మా ఊళ్లో కలబంద పిలక నాటినా, జెముడు అట్ట నాటినా ఆరబెట్టే నాటేవాళ్లం. వాడికి చెప్పాను. ఫోనులో ఒకతను వెంటనే నాటమన్నాడట. పైగా రోజూ రెండు పూటలా నీళ్లు. పదిహేను రోజుల్లో రెండు కొమ్మలు మొదలు దగ్గర మెత్తబడి కూలిపోయాయి. ఆరు వందలు మట్టిపాలు.

మిగిలిన రెండిటినీ నేను చేతిలోకి తీసుకున్నాను. మట్టిలో సగానికి సగం ఇసుక, పశువుల పేడ ఎరువు కలిపాను. డ్రమ్ము అడుగున ఇంకో నాలుగు చిల్లులు పెట్టించాను. వేలు లోపలికి పెట్టి పొడిగా తగిలితేనే నీళ్లు. కొమ్మ స్తంభానికి పాకాలి. ఒంటి నుంచే వేళ్లు దించి పట్టుకుంటుంది. అది పట్టుకునేదాకా గోనె తాడుతో వదులుగా కట్టాను. స్తంభం పైన టైరును అడ్డంగా బిగించాం. కొమ్మ దాని నడుమ నుంచి పైకి వచ్చి అంచు మీదుగా కిందికి వేలాడుతుంది. అలా వేలాడిన కొమ్మలే పూస్తాయి. మధ్యలో వచ్చే పక్క కొమ్మలను కోసేయాలి. ఇవన్నీ ఒక రోజులో నేర్చుకున్నవి కాదు. రోజూ పొద్దున పైకి వెళ్లి మొక్క ముందు నిలబడి చూస్తే మొక్కే చెప్పింది.

మొదటి ఎండాకాలం ఏప్రిల్‌లో కొమ్మలు పడమటి వైపు పసుపు పచ్చబడ్డాయి. జబ్బు అనుకుని మనవడు మూడు రకాల మందులు తెచ్చాడు. మందు అక్కర్లేదు. జెముడు కదా అని ఎంత ఎండకైనా ఆగుతుందనుకుంటారు గానీ, దాని పుట్టుచోట ఇది చెట్ల నీడన, చెట్ల మీదికి పాకే తీగ. మన మిట్టమధ్యాహ్నపు ఎండ, కింద కాగిన సిమెంటు కప్పు, రెండూ కలిసి దాన్ని ఉడకబెట్టాయి. మా ఆవిడ పాత నేత చీర ఒకటి నాలుగు కర్రలకు కట్టి పందిరి వేశాం. జూన్ వానలకు మళ్లీ పచ్చబడింది.

రెండో ఏడు జూలైలో అంచు ముళ్ల దగ్గర మొగ్గలు వచ్చాయి. మూడు వారాల్లో ఒక్కొక్కటి జానెడు దాటింది. పూసే రోజు సాయంత్రం మొగ్గ ఉబ్బి పైకి లేస్తుంది. ఏడింటికి విచ్చుకోవడం మొదలై పది గంటలకు పళ్లెమంత అవుతుంది. తెల్లని రేకులు, లోపల పసుపు కేసరాల గుంపు, మేడంతా పరుచుకునే వాసన. పొద్దున ఎండ తగలగానే వాలిపోతుంది. బతుకు ఒక్క రాత్రి. ఆ రాత్రి మా మేడ మీద నేనూ మా ఆవిడా తప్ప ఎవరూ లేరు. మనవడు వచ్చి ఫోనులో ఫోటో తీసుకుని కిందికి దిగాడు. మా అపార్ట్‌మెంట్లో ఇరవై నాలుగు ఇళ్లు. ఎదురింటి వాళ్లకు మర్నాడు పొద్దున ఫోనులోనే పూవు కనిపించింది. వాళ్ల తల మీదే పూసిన పూవది.

ఆ మొదటి విడత ఐదు పూలూ ఆరు రోజుల్లో పసుపు పచ్చబడి రాలిపోయాయి. పిందె ఒక్కటీ నిలవలేదు. కారణం తరువాత తెలిసింది. మాది ఎర్ర గుజ్జు రకం. వాటిలో చాలావాటికి తమ పుప్పొడి తమకు పనికిరాదు. వేరే రకం మొక్క పుప్పొడి కావాలి. అడవిలో గబ్బిలాలు, పెద్ద రాత్రి సీతాకోకచిలుకలు ఆ పని చేస్తాయి. మా కాలనీలో గబ్బిలం ఏది? అమ్మినవాళ్లు నాలుగు కొమ్మలూ ఒకే మొక్క నుంచి కోసిచ్చారు, ఈ ముక్క ఒక్కటి చెప్పలేదు. మా రోజుల్లో కొమ్మ ఇచ్చిన ఇల్లు దాని గుణం, దోషం కూడా ఇచ్చేది. "దీనికి తోడు లేకపోతే కాయదు, ఇంకో చెట్టు పెట్టుకో" అని చెప్పి ఇచ్చేవాళ్లు. డబ్బు పుచ్చుకున్నాక ఆ మాట చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది.

రెండు వీధుల అవతల ఒక ఇంటి మేడ మీద ఇలాంటి స్తంభమే కనిపిస్తుండేది. ఆగస్టులో మాకు రెండో విడత మొగ్గలు వచ్చినప్పుడు వెళ్లి తలుపు తట్టాను. తీసినామె విజయనగరం వైపు మనిషి, బ్యాంకు ఉద్యోగి. వాళ్లది తెల్ల గుజ్జు రకం. ఏం కావాలండీ అని అడిగితే పుప్పొడి కావాలమ్మా అన్నాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. చెప్పాక సంతోషపడింది. పూసిన రాత్రి ఫోను చేసింది. తొమ్మిదిన్నరకు వెళ్లాను. ఆ ఇంట్లోవాళ్లందరూ మేడ మీదికి వచ్చారు. కేసరాల మీద చిన్న కుంచెతో దులిపి స్టీలు డబ్బాలో పుప్పొడి పట్టి ఇచ్చారు. మా మేడకు వచ్చి మా పూల నడుమ ఉన్న కీలాగ్రానికి అద్దాను. మా పూల పుప్పొడి వాళ్లకు తీసుకెళ్లాను. మర్నాడు వాళ్ల పిల్లలు మా మేడ చూడడానికి వచ్చారు. ఆ విడత ఏడు పూలకు ఆరు పిందెలు నిలిచాయి.

కాయ సంగతిలోనూ ఇప్పటివాళ్లకు ఓపిక లేదు. పూసిన ఇరవై ఐదు రోజుల దాకా కాయ పచ్చగానే ఉంటుంది. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో రంగు తిరుగుతుంది. రంగు తిరిగిన నాడే కోస్తారు. అది తప్పు. ఇంకో నాలుగైదు రోజులు కొమ్మకు ఉంచితేనే తీపి పడుతుంది. సీతాఫలానికి కళ్లు విచ్చుకుంటే చాలు, కోసి గడ్డిలో మాగబెట్టుకోవచ్చు. మా బాలానగర్ గుట్టల మీది సీతాఫలాలు గంపల్లో అలా మాగుతూనే రైలెక్కి ఊళ్లకు పోయేవి. డ్రాగన్‌కు ఆ గుణం లేదు. కోశాక ఎన్నాళ్లుంచినా తీపి పెరగదు. దూరం పంపడానికి ముందే కోసిన కాయ కొని, చప్పగా ఉందని పండును తిడతారు. పెరట్లో పండినదాన్ని చెట్టున పండనిచ్చి తిన్నవాడికి ఆ మాట నోట రాదు.

ఇక వాడకం. నా పెద్ద బాధ ఇదే. మా రోజుల్లో బొప్పాయి కాసిందంటే పచ్చికాయ కూరకు, పెరుగు పచ్చడికి, పండు పిల్లలకు. సీతాఫలం తిని గింజ పారేసేవాళ్లు కాదు. ఎండబెట్టి నూరి తలకు పేలమందు చేసేవాళ్లు, కళ్లల్లో పడితే ప్రమాదమని కళ్లకు గుడ్డ కట్టి మరీ రాసేవాళ్లు. ఆకు నూరి పశువుల పుండ్ల మీద కట్టేవాళ్లు. జామాకు నమిలి పంటినొప్పికి పుక్కిట పట్టేవాళ్లు. చెట్టు ఇంట్లో ఒక మనిషిలాగ పదిరకాల పనికి వచ్చేది. ఈ పండునేమో నిలువునా రెండు ముక్కలు చేసి, గిన్నెలో పెట్టి, ఫోటో తీసి, చెంచాతో నాలుగు ముద్దలు తిని, తొక్క చెత్తబుట్టలో వేస్తున్నారు. మిగిలిన రెండో ముక్క ఫ్రిజ్‌లో ముడుచుకుపోతుంది.

మా ఆవిడ దీన్ని వంటింట్లోకి తీసుకుపోయింది. పిందె కట్టిన మూడో రోజు వాడిన పూరేకుల గుత్తిని మెల్లగా లాగితే వచ్చేస్తుంది. పిందెకు దెబ్బ తగలదు, పైగా తడికి అక్కడ కుళ్లు పట్టకుండా ఉంటుంది. చైనా, వియత్నాం వాళ్లు ఈ పూలను పులుసుల్లో వండుకుంటారు. అవిసె పూలు, గుమ్మడి పూలు తిన్న ఇంటికి ఇది కొత్తా? రేకులు సన్నగా తరిగి పెసరపప్పుతో, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి పోపుతో వండింది. కాస్త జిగురుంటుంది, బెండకాయ తినేవాళ్లకు అది లెక్క కాదు. పండు గుజ్జును చిలికిన పెరుగులో కలిపి ఉప్పు, పచ్చిమిర్చి, ఆవాల పోపు పెట్టి పెరుగు పచ్చడి చేసింది. గులాబీ రంగు పచ్చడి చూసి మా మునిమనవరాలు ఇంకో ముద్ద అన్నం పెట్టించుకుంది. ఎండ పూట నిమ్మరసం, ఉప్పు వేసి చేసిన షర్బత్తు దాహం తీరుస్తుంది. ఈ పండులో పులుపు లేదు, నిమ్మకాయ పడితేనే రుచి నిలబడుతుంది. తొక్క మీది పొలుసులు తీసి, లోపలి పొరను ఎండబెట్టి పొడి కొట్టి ఉంచింది. సంక్రాంతికి చలిమిడిలో అదే రంగు వేసింది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఎర్ర రకం ఎక్కువ తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా వస్తుంది. బీట్‌రూట్ రంగు లాంటిదే ఇది, భయపడి ఆసుపత్రికి పరుగెత్తనక్కర్లేదు.

వానాకాలం జ్వరాలు మొదలవగానే ఈ పండు తింటే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని చెప్పి ధర పెంచి అమ్ముతారు. దానికి గట్టి రుజువు లేదు. డెంగీ వచ్చినవాడికి కావలసింది డాక్టరు, విశ్రాంతి, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం. సి విటమిన్ కోసమైతే జామపండు దీన్ని ఎంతో మించిపోతుంది, ధరలో సగం కూడా ఉండదు. పండును పండుగా తినాలి, మందుగా అమ్మకూడదు. మా రోజుల్లో సీతాఫలం అమ్మే అవ్వ "తియ్యగుంటయి తిను బిడ్డా" అనేది. అంతకు మించి చెప్పేది కాదు. అంతకు మించి అడిగేవాళ్లూ లేరు.

ఇప్పటివాళ్లది అంతా తప్పే అనను. రాత్రి పూట కుంచెతో పుప్పొడి అద్దాలన్న సంగతి నాకు మా ఊరు నేర్పలేదు, మనవడే ఎక్కడో చదివి చెప్పాడు. నేల లేని ఇంటి కప్పు మీద, సగం డ్రమ్ములో పండు పండించడం మా తాతలు ఎరగని విద్య. హైదరాబాద్‌లో వేలమంది మిద్దె మీద కూరగాయలు, పళ్లు పండించుకుంటున్నారు. వాళ్ల చెమటను నేను గౌరవిస్తాను. నా గొణుగుడంతా ఒక్క చోటే. కొనడం తెలిసింది, ఇవ్వడం మరిచిపోయారు. పెంచడం తెలిసింది, పిలవడం మరిచిపోయారు.

కిందటి ఏడాది ఇరవై మూడు కాయలు కోశాం. అక్టోబరులో కత్తిరింపులు చేస్తే డజను పైగా కొమ్మలు వచ్చాయి. మనవడు వాటిని ఆన్‌లైన్‌లో అమ్ముతానన్నాడు, మూడు వేలు పైనే వస్తాయన్నాడు. ఆ రోజు ఇంట్లో నేను గొంతు పెంచాను. నీకు పుప్పొడి ఇచ్చినామె డబ్బు అడిగిందా అని అడిగాను. వాడు మాట్లాడలేదు. కొమ్మలను వారం రోజులు నీడలో ఆరబెట్టి, ఒక్కొక్కటి పాత కాగితంలో చుట్టి, ఏది ఎప్పుడు నాటాలో, దీనికి తెల్ల రకం తోడు ఎందుకు కావాలో వాడి చేతనే రాయించాను. మా అపార్ట్‌మెంట్లో ఆరు ఇళ్లకు వాడే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాడు. విజయనగరం ఆమెకు రెండు కొమ్మలు, ఆమె దగ్గర నుంచి తెల్ల రకం రెండు. ఆకుకూరల ఆమెకు రెండు. ఆమె వాళ్ల చెలక గట్టున వేపచెట్టు మొదట్లో నాటిందట, చెట్టుకే పాకుతున్నది, స్తంభం ఖర్చు లేదు. ఈ ఏడు ఆషాఢంలో ఎదురింటి డ్రమ్ములో మొదటి పూవు విచ్చిన రాత్రి మా మేడ మీద పద్దెనిమిది మందిమి ఉన్నాం.

పేరు కూడా దొరికింది. ఆకుకూరల ఆమె బుట్ట దించుతూ మా ఆవిడను, "సీమజెముడు పండ్లు ఇంకా ఉన్నయా అమ్మా?" అని అడిగింది. ఆమె ఆలోచించి అన్న మాట కాదు, నోటికి వచ్చిన మాట. సీమ నుంచి వచ్చింది, జెముడు జాతిది. ఇంతకంటే ఏం కావాలి? మా అపార్ట్‌మెంట్లో పిల్లలు ఇప్పుడు అట్లాగే అంటున్నారు. మా మునిమనవరాలికి డ్రాగన్ అనే మాట తెలియదు.

మీ మేడ మీద ఈ మొక్క ఉంటే మీకొక మాట. వానలు తగ్గాక కొమ్మలు కత్తిరిస్తారు కదా, వాటిని చెత్తబండిలో వేయకండి, ధర కట్టకండి. ఆరబెట్టి పక్కింటికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు దాని గుణం, దోషం రెండూ చెప్పండి. పూసే రాత్రి నలుగురిని పిలవండి.